వరిగడ్డిలో చుట్టిన సైకిళ్ళు

నకిరేకల్ బస్టాండులో దిగి రజాక్ ఇల్లెక్కడని అడిగితే, ఏ రజాక్ అని ఎదురు అడుగుతారు. టైలర్ రజాకా, గడ్డి రజాకా? గడ్డి రజాకే అంటే మార్కెట్ వెనక సందులోకి వేలు చూపిస్తారు. చూపించి ఊరుకోరు, ఒక నవ్వు నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ఊరి నుంచి విమానమెక్కి, సైకిలు వెంట తీసుకుని, పరదేశంలో పందానికి పోయినవాడు వాడొక్కడే. అంతటి వాడికి మనవాళ్ళు ఏరి కోరి పెట్టిన పేరు అది.

నా పేరు ఐలేశం. కట్టంగూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరి, ఆ గ్రౌండులోనే విజిలూది విజిలూది రిటైరయ్యాను. రజాక్ గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు వాడి తల్లి గులాబ్‌బీ. ఆమె ఇప్పుడు లేదు. రెండోవాడు పాలమూరు బీరన్న. అతనికి పోలీసు డ్యూటీలతోనే సరిపోతుంది. కాబట్టి రాసే పని నా మీద పడింది. నాకు కోపం జాస్తి. ఆ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ తప్పు పట్టరు.

రజాక్ వాళ్ళ నాన్న మెహమూద్, బత్తాయి లారీలు కట్టే మేస్త్రీ. కట్టడమంటే తాళ్ళతో బిగించడం కాదు. ఎనభైల నాటికి మా చుట్టుపక్కల ఎర్ర చెలకలన్నీ బత్తాయి తోటలవుతున్నాయి. సేట్లు తోటలు గుత్తకు పట్టి, కాయలను లారీల మీద దూరదేశం పంపేవాళ్ళు. లారీ అడుగున వరిగడ్డి పరవాలి, దాని మీద కాయ, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయ. చుట్టూ పక్కలకు కూడా గడ్డే. గడ్డి తడిగా ఉంటే కాయ మురుగుతుంది. మరీ పెళుసుగా ఉంటే తొక్కను గీస్తుంది. అందుకని మెహమూద్ గడ్డిని ముందురోజే విప్పి మంచులో పెట్టి, తెల్లారి నీడలో ఆరనిచ్చి, చేత్తో నలిపి చూసి అప్పుడు పరిచేవాడు. ఆయన కట్టిన లారీ ఎంత దూరం పోయినా కాయ కమిలిందన్న మాట వెనక్కి రాలేదు. ఆయన పోయాక ఆ పని, ఆ పేరు రెండూ కొడుక్కి వచ్చాయి. రజాక్ తోటి హమాలీలు వాడిని చిన్న మేస్త్రీ అనేవాళ్ళు. పిలిపించుకోవడానికి ఆ పేరు బాగానే ఉండేది.

నేను వాడిని మొదటిసారి చూసింది హైవే మీద. ఎండ మాడుస్తోంది. ఒక మనిషి సైకిలును భుజానికెత్తుకుని నకిరేకల్ వైపు పరుగెత్తుతున్నాడు. నడవడం లేదు, పరుగెత్తుతున్నాడు. నేను బండి ఆపి, దొంగసైకిలేమో అనుకుని, గట్టిగానే అడిగాను.

"ఎవరిది బే సైకిలు?"

"నాదే సార్. పంచరైంది. లారీ ఎల్లిపోతది, గడ్డి ఎయ్యాలె."

"ఏడికెల్లి వస్తున్నవ్?"

"గుర్వయ్య తోటకాడికెల్లి. బాయిల మోటరు వాల్వుకు చెత్త తట్టుకుంటె దుంకి తీసిన. గందుకే లేటైంది."

బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. గుర్వయ్య బావి నాకు తెలుసు. దాని అడుగు చూసిన మనిషి మా మండలంలో లేడు. పొద్దున సైకిలు మీద వచ్చి, ఆ బావి అడుగుకు దిగి, ఇప్పుడు సైకిలు మోసుకుంటూ అంత దూరం పరుగు. బండి మీద ఎక్కించుకుంటానంటే సైకిలు పట్టదు సార్ అని మళ్ళీ ఉరికాడు. నేను వెనకాలే మెల్లగా బండి నడుపుకుంటూ పోయి, వాడు ఎక్కడైనా ఆగుతాడేమోనని చూశాను. ఆగలేదు. మా బడిలో పిల్లలకు గ్రౌండు చుట్టూ ఒక రౌండు కొట్టమంటే కడుపునొప్పి వస్తుంది. అందుకే ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఏడాది పేపర్లో చిన్న ప్రకటన పడింది. హైదరాబాద్‌లో కొత్తగా పెట్టిన ఒక క్రీడా సంఘం, ట్రయథ్లాన్ అనే పోటీకి ఆటగాళ్ళను ఎంపిక చేస్తుందట. ముందు ఈత, తర్వాత సైకిలు, తర్వాత పరుగు. మధ్యలో ఆగేది లేదు. చదవగానే నాకు హైవే మీది తడిబట్టల మనిషి గుర్తొచ్చాడు. పేపరు పట్టుకుని మార్కెట్‌కు పోయాను. రజాక్ లారీ మీద నిలబడి గడ్డి తొక్కుతున్నాడు.

"గెలిస్తే ఏమిస్తరు సార్?"

"కప్పిస్తరు."

"కప్పు నేనేం జేసుకోను? చాయ్ తాగాల్నా?"

"నీ ఒంట్ల ఎంత సత్తువున్నదో నీకెరుకైతది రా."

వాడు కాసేపు గడ్డి తొక్కుతూనే ఆలోచించాడు. తర్వాత, "అది నాకెరుకే గద సార్. ఊరికెరుక గావాలె," అన్నాడు.

అడిగింది అంతే. ఉద్యోగం అడగలేదు, జాగా అడగలేదు. ఊరికి ఎరుక కావాలన్నాడు. తర్వాత జరిగిందంతా ఈ ఒక్క కోరిక చుట్టే జరిగింది.

ఎంపిక పోటీల్లో వాడే మొదటివాడు. రెండోవాడు బీరన్న, పాలమూరు దిక్కు గొర్రెల కాపరుల ఇంటివాడు, అప్పుడే కానిస్టేబుల్‌గా చేరాడు. గొర్రెల వెంట గుట్టలెక్కిన కాళ్ళు కాబట్టి పరుగులో రజాక్‌ను ఆయాసపెట్టేవాడు. ఈతలో మాత్రం దగ్గరికి కూడా రాలేకపోయేవాడు. ఇద్దరికీ మొదటిరోజే కుదిరింది. బీరన్న వాడిని అన్నా అనేవాడు. రజాక్ అతన్ని తమ్మీ అనేవాడు. ఒకరి సైకిలుకు గాలి తక్కువైతే రెండోవాడు కొట్టేవాడు. పోటీదారులంటే ఇట్లా ఉంటారా అని సంఘం సెక్రటరీయే ఆశ్చర్యపోయాడు.

ఆ సెక్రటరీ గురించి చెప్పాలి. పేరు రాయను. పేరు రాస్తే ఆయనకు గౌరవం ఇచ్చినట్టవుతుంది. తెల్ల సఫారీ వేసేవాడు, సెంటు కొట్టేవాడు, నేను అనాల్సిన చోటల్లా మనం అనేవాడు. మనం పంపిస్తాం, మనం చూసుకుంటాం, మన పిల్లలే కదా. మాట మాత్రం తేనె. ఆ తేనెకు నేనూ కొన్నాళ్ళు మురిసినవాణ్ణే.

తొంభై మూడులో మలేసియా నుంచి పిలుపు వచ్చింది. అది మామూలు పోటీ కాదు, అన్నిట్లోకీ పొడుగుది. సముద్రంలో మైళ్ళకొద్దీ ఈత. ఆ తర్వాత సైకిలు. ఎంత దూరమంటే, మా నకిరేకల్ నుంచి హైదరాబాద్ పోయి, మళ్ళీ సగం దారి దాటి వెనక్కి వచ్చినంత. అది దిగాక, నల్గొండ పోయి మళ్ళీ సగం దూరం తిరిగి వచ్చినంత పరుగు. పొద్దున మొదలైతే చీకటి పడ్డాకే ముగుస్తుంది. ఇద్దరు పోటీదారులు, ఒక మేనేజరు పోవచ్చన్నారు. మేనేజరుగా ఐలేశం సారు పోతాడని మొదట సెక్రటరీయే అన్నాడు. తీరా పాస్‌పోర్టుల వేళకు, పరదేశంలో ఇంగ్లీషు అవసరం పడుతుంది సార్, మనం పోతాం అన్నాడు. మనం అంటే ఆయనని నాకు అప్పటికి అర్థమైంది.

ఆ ఎండాకాలం రజాక్ పడ్డ కష్టం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. పొద్దున లారీ కట్టేవాడు. మధ్యాహ్నం మూసీ ప్రాజెక్టుకు పోయి ఒడ్డు నుంచి ఒడ్డుకు ఈదేవాడు. ఈత కాగానే తడిబట్టలతో సైకిలెక్కి హైవే మీద సూర్యాపేట దాటిపోయేవాడు. ఆ సైకిలు కూడా వాడే కూర్చుకున్నది. ఫ్రేము హైదరాబాద్ పాత సామాన్ల బజారులో దొరికింది, గేర్లు ఒక చోట, సన్న చక్రాలు ఇంకో చోట. బషీర్ సైకిల్ షాపులో ఇద్దరూ కూర్చుని నెలల తరబడి బిగించారు. తల్లి గులాబ్‌బీకి ఒకటే భయం.

"బాయిల ఈదినోడివి బేటా. బాయికైతె నాలుగు దిక్కులు గోడలుంటయి. సముద్రంల అలసిపోతె ఏం పట్టుకుంటవ్?"

"అలసిపోను అమ్మీ."

"గట్లనే అంటరు అందరు," అని ఆమె రొట్టె మీద ఇంకో గుడ్డు వేసేది.

ప్రయాణం దగ్గరపడింది. సైకిళ్ళను విడదీసి భద్రంగా మూటకట్టి తేవాలని సెక్రటరీ కబురు పంపాడు. బీరన్న తన సైకిలును మహబూబ్‌నగర్ నుంచి బస్సు టాపు మీద వేసుకొచ్చాడు. దించేసరికి చక్రంలో రెండు పుల్లలు వంగి ఉన్నాయి. అది చూసి రజాక్ మొహం మాడిపోయింది. తమ్మీ, నువ్వు పక్కకు జరుగు, రెండూ నేను కడత అన్నాడు.

మార్కెట్ యార్డులో ఆ పని చూడటానికి జనం చేరారు. హమాలీలు పని ఆపి వచ్చారు. బషీర్ చక్రాలూ పెడళ్ళూ విప్పి ఇచ్చాడు. రజాక్ గడ్డిలోంచి మన్నంటని పరకలు ఏరాడు. నాన్న చేసినట్టే మంచులో పెట్టి, నీడలో ఆరేసిన గడ్డి అది. సన్నగా జడలల్లి ఒక్కో రాడ్డుకు చుట్టాడు. గేర్ల పళ్ళ మధ్య మెత్తటి గడ్డి కూరాడు. కొత్త బత్తాయి పెట్టెల చెక్కతో రెండు పొడుగాటి పెట్టెలు కొట్టించి, అడుగున జానెడు మందాన గడ్డి పరిచి, సైకిలు పడుకోబెట్టి, పైన మళ్ళీ గడ్డి వేసి, పైన గోనె కుట్టాడు. పసిపిల్లకు పక్క వేసినంత శ్రద్ధగా చేశాడు. సెక్రటరీ కారు దిగి వచ్చి పెట్టె మీద చరిచి, "శభాష్! మనవాళ్ళ పనితనమంటే ఇది. ఫారినోళ్ళు చూసి నేర్చుకోవాలె," అన్నాడు. అక్కడున్న వాళ్ళం అందరం చప్పట్లు కొట్టాం.

"పైకెల్లి ఇసిరేసినా సార్, ఒక్క గీత పడది," అన్నాడు రజాక్ నాతో.

ఊరు వాడిని నవ్వకుండా, నిజంగా మెచ్చుకుంటూ చూసిన ఆఖరి రోజు అదే. బస్సు దగ్గర గులాబ్‌బీ వాడి జబ్బకు తాయెత్తు కట్టింది. పెట్టెలు బస్సు మీదికి ఎక్కేటప్పుడు రజాక్ పైనే నిలబడ్డాడు, ఎవరినీ ముట్టనివ్వలేదు. మద్రాసు దాకా రైలు. అక్కడి నుంచి విమానం. విమానంలో అందరూ కిటికీలోంచి మబ్బులు చూస్తుంటే, వీడు మాత్రం సైకిళ్ళు గూడ గీ విమానంలనే ఉన్నయా అని వచ్చిన పోయిన ప్రతి ఎయిర్‌హోస్టెస్ అమ్మాయినీ అడిగాడట. ఇది బీరన్న చెప్పాడు.

దిగాక జరిగింది ఊరందరికీ తెలిసిందే. ఇప్పుడు చెప్పేది ఆ ఊరందరికీ తెలిసిన కథ. విమానాశ్రయంలో ఆఫీసరు పెట్టె మూత లేపి చూశాడు. లోపల గడ్డి. చేతికి తొడుగు వేసుకుని ఒక పరక లాగితే దాని కొసన రెండు వడ్లగింజలున్న కంకి వచ్చింది. ఇంకో ఆఫీసరును పిలిచాడు. వాళ్ళ దేశంలోకి పరాయి గడ్డి, పరాయి గింజ, పరాయి మట్టి ఏదీ రాకూడదట. పురుగూ తెగులూ వస్తాయని భయం. అది న్యాయమే. మన దగ్గర ఆ సంగతి తెలిసినవాడెవడు? బత్తాయి లారీలు కట్టేవాడికి అసలే తెలియదు. పెట్టెలు లోపలికి తీసుకుపోయారు. బీరన్నను మిగతా సామానుతో హోటలుకు పంపి, సెక్రటరీ, రజాక్ అక్కడే ఉండిపోయారు. మర్నాడు సాయంత్రం సెక్రటరీ వచ్చి బీరన్నతో చెప్పింది ఇది: గడ్డి వల్ల సైకిళ్ళు ఆపేశారు, మందు పొగ పెడతారట, పోటీ అయిపోయాకే ఇస్తారట. రజాక్ పక్కనే తలవంచుకుని నిలబడ్డాడు.

"నిజమేనా అన్నా?" అని బీరన్న అడిగాడు.

"నిజమే తమ్మీ. గడ్డి పెట్టింది నేనే గద," అన్నాడు రజాక్.

పోటీ మర్నాడే. నిర్వాహకులు జాలిపడి ఎక్కడినుంచో ఒక పాత సైకిలు సంపాదించారు. ఒక్కటే. బొమ్మా బొరుసా వేద్దాం అన్నా అని బీరన్న నాణెం తీశాడు. రజాక్ ఆ చెయ్యి మూసేశాడు.

"నీ సైకిలు గూడ ఖరాబు చేసిన. నువ్వు పో."

"నువ్వు మొదటోడివన్నా. నేను నీ ఎనకొచ్చినోణ్ణి."

"పో అంటున్న గద!"

రజాక్ గొంతు పెంచింది నేనెరిగినంతలో ఆ ఒక్కసారే. కాని ఈతలో దిగడం మానలేదు. ఛాతీ మీద నంబరు వేయించుకుని, వందల మందితో కలిసి సముద్రంలోకి ఉరికాడు. సైకిలు లేదని తెలిసి కూడా. ఎందుకు దిగావురా అని తర్వాత అడిగితే, అంత దూరం పోయి తడవకుండ ఎట్లొస్త సార్ అన్నాడు.

తల్లి భయపడ్డ సముద్రంలో వాడు చేపలా పోయాడట. గోడలు లేకపోతే ఇంకా సుఖమట, తిరగాల్సిన పని లేదట. తెల్లవాళ్ళూ జపానువాళ్ళూ అందరితో కలిసి ముందు గుంపులోనే ఒడ్డుకు చేరాడు. ఇసుక మీద పరుగెత్తుతూ సైకిళ్ళు పెట్టే చోటికి వచ్చాడు. అక్కడ ఇనుప గొట్టాలకు వరసగా సైకిళ్ళు తగిలించి ఉన్నాయి. ఒక్కో గొట్టం మీద ఒక్కో నంబరు. వాడి నంబరు కూడా అతికించి ఉంది. దాని కింద ఖాళీ. వాడు పోయి ఆ ఖాళీ దగ్గర నిలబడ్డాడు. నీళ్ళు కారుతున్నాయి. పక్కవాళ్ళు వచ్చారు, తలకు టోపీ పెట్టుకున్నారు, సైకిలు తీసుకున్నారు, పోయారు. వాడి వెనక వచ్చినవాళ్ళు కూడా పోయారు. వాడు అక్కడే ఉన్నాడు.

చాలాసేపటికి బీరన్న ఒగరుస్తూ వచ్చాడు. రజాక్ ఆ పాత సైకిలు హ్యాండిలు పట్టుకుని సిద్ధంగా ఉంచాడు, టోపీ బెల్టు బిగించాడు, వెనక చెయ్యి వేసి తోశాడు. ఆ తర్వాత అక్కడ పనిచేసే ఒకావిడ వచ్చి, ఇక్కడ నిలబడకూడదని మర్యాదగా సైగ చేసింది. వాడు పరుగెత్తుతానని రెండు చేతులూ ఊపి చూపించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. సైకిలు తొక్కనివాడికి పరుగు లేదు. పొద్దుగూకాక బీరన్న కుంటుకుంటూ గీత దాటితే, పడిపోకుండా పట్టుకున్నది రజాకే.

పోటీ అయిన రెండు రోజులకు సైకిళ్ళు ఇచ్చారు. ఒక్క గీత పడలేదు. ఈ మాట మాత్రం పేపర్లలో రాలేదు. పేపర్లో వచ్చింది సెక్రటరీ చెప్పిన ముక్క: గడ్డి మూటతో పరువు పాయె. వీళ్ళు ఊరు చేరేలోపే అది ఊరు చేరింది. మేం బస్టాండులో దండ తెచ్చి పెట్టుకున్నాం. బస్సు దిగిన రజాక్‌ను చూసి ఎవడో, "ఏం రజాక్, ఆ దేశంల బర్రెలు లేవాయె, గడ్డి ఎవలకు పట్టుకపోయినవ్?" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. దండ వేయాల్సినవాడు కూడా నవ్వాడు. వాడి చేతిలోంచి దండ గుంజుకుని నేనే వేశాను. రజాక్ దాన్ని తీసి, మడిచి, సంచిలో పెట్టుకుని, పెట్టెలు దించడానికి బస్సు ఎక్కాడు. ఆ రోజు నుంచి చిన్న మేస్త్రీ పోయి గడ్డి రజాక్ వచ్చాడు. సేట్లు కూడా అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఎవరి కాయలు కమలకుండా దేశం దాటాయో ఆ సేట్లే.

బీరన్నకు మహబూబ్‌నగర్‌లో సన్మానం చేశారు, తర్వాత ప్రమోషన్ కూడా వచ్చింది. అతను సన్మానంలో రజాక్ పేరు చెప్పి ఏడ్చాడు. ఏడిస్తే ఏం లాభం, అది కూడా పేపర్లో రాలేదు.

నాకు అంతుపట్టని సంగతి ఒకటుండేది. ఇంత నవ్వుబాటైన మనిషి ఆట మానేయాలి కదా? రజాక్ మానలేదు. వచ్చే ఏడు, ఆపై ఏడు, మధ్యాహ్నమయితే ప్రాజెక్టులోనే ఉండేవాడు. సంఘం మాత్రం వేరేవాళ్ళను పంపింది. నేను హైదరాబాద్ పోయి అడిగితే, ఆ గడ్డి మనిషా సార్, ఫెడరేషన్‌లో మన పరువు తీశాడు, వాడి పేరు ఎత్తితేనే మండిపడతారు అన్నాడు సెక్రటరీ. ఆ మాట నేను రజాక్‌కు చెప్పలేదు. పేరు రాలేదురా, చూద్దాం అనేవాణ్ణి. వాడు సరే సార్ అని మళ్ళీ నీళ్ళలో దూకేవాడు. గులాబ్‌బీ ఆ మధ్యలోనే పోయింది. పోయేముందు నాతో అన్నది, "నా కొడుకు గడ్డి కట్టుడు నేర్వకపోయినా బాగుండేది సార్. వాళ్ళ బాపు నేర్పిన పనే వాన్ని ముంచింది." ఆ మాట రజాక్ పక్కన ఉండగానే అన్నది. వాడు ఆమె కాళ్ళు పిసుకుతూ ఉండిపోయాడు.

తొంభై ఎనిమిదిలో నకిరేకల్‌లో మండలం ఆటల పోటీలు జరిగాయి. ముఖ్య అతిథిగా ఎవరిని పిలిచారో చెప్పనక్కర్లేదు. సెక్రటరీ అప్పటికి ప్రెసిడెంటయ్యాడు, జుట్టుకు రంగు కూడా వచ్చింది. నాకు పోవాలని లేదు కాని ఆటలు నడిపేది నేనే. రజాక్ కూడా వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చివరి వరసలో కూర్చున్నాడు.

సెక్రటరీ మైకు పట్టుకున్నాడు. క్రమశిక్షణ, దేశం పరువు అంటూ కాసేపు నడిచింది. పిల్లలు ఆవులిస్తున్నారు. వాళ్ళను నవ్వించాలనుకున్నాడు.

"మనం ఒకసారి మలేసియా పోయినం. మనతోటి ఒకాయన వచ్చిండు. ఆయన పెట్టె తెరిస్తే ఏమున్నదో చెప్పండి పిల్లలూ? గడ్డి! గడ్డి తీసుకొని విమానమెక్కిండు!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. టీచర్లు నవ్వారు. ఊరిపెద్దలు వెనక్కి తిరిగి రజాక్‌ను చూసి మరీ నవ్వారు. స్టేజీ మీదున్న మనిషికి మాత్రం తాను చెప్పే మనిషి ఎదురుగానే ఉన్నాడని తెలియదు. నా చేతిలో విజిలు ఉంది. దాన్ని ఆయన మొహాన విసిరి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇప్పటికీ కొట్టాల్సిందనే అనిపిస్తుంది.

సభ అయ్యాక ఆయన కారు దగ్గరికి పోతుంటే రజాక్ గుంపును తోసుకుని ముందుకు వచ్చి నమస్కారం పెట్టాడు. "సార్, నేను..." అన్నాడు. సెక్రటరీ వాడి భుజం తట్టి, "మంచిది, మంచిది. ఏ స్కూలు మనది?" అన్నాడు. రజాక్ నోరు తెరిచేలోపే ఎవరో తలుపు వేశారు. కారు పోయింది. వాడు ఆ దుమ్ములో నిలబడ్డాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని చాయ్ హోటలుకు తీసుకుపోయి కూర్చోబెట్టాను.

"ఎంత మాటన్నడు రా! నీ గడ్డితోని సైకిళ్ళు ఆగితె మాత్రం, గంత మందిల..."

"గడ్డితోని ఆగలె సార్," అన్నాడు రజాక్.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"ఆ ఆఫీసరు మంచోడు సార్. గడ్డంత పీకి పొయ్యిలేపిచ్చిండు. సైకిళ్ళు మందునీళ్ళతోని తుడిపిచ్చిండు. రేపు పొద్దుగాల మీ మేనేజరొచ్చి సంతకం బెట్టి తీస్కపోన్రి అన్నడు. ఆడ ఉర్దూ వచ్చిన హమాలీ ఒకాయనుండె, ఆయనే నాకు సమ్జాయించిండు. సెక్రటరీ సారు గూడ ఇన్నడు, తల ఊపిండు."

"మరి?"

"పొద్దుగాల నేను పోయి కూసున్న. అద్దానికి అవుతల రెండు సైకిళ్ళు నిలవెట్టి కనబడుతున్నయి. సారు రాలె. బజారుకు పోయిండు. ఆఫీసరు గూడ జర చూసిండు పాపం, గడియారం చూపిచ్చుకుంట. పగటియాళ్ళకు ఆఫీసుకు తాళమేసి పోయిండు. రెండొద్దులు సెలవంట. సారు పొద్దుమీకి వచ్చిండు. చేతిల టేప్‌రికార్డరు పెట్టె, చీరల సంచులు. నన్ను జూసి మొఖం తెల్లగైంది."

మిగతాది నేను అడగకముందే వాడే చెప్పాడు.

"భుజం మీద చెయ్యేసిండు సార్. రజాక్, ఇది బయటవడితె మన సంఘాన్నే తీసేస్తరు, ఇగ ఎవ్వల్నీ పంపరు, తప్పు గడ్డి మీదికి పోనీ, వచ్చే ఏడు నిన్నే ముందుగాల తోల్కొస్త అన్నడు. నేను సరే అన్న. తప్పు నాదే అని ఒప్పుకున్నంక, తెల్లారి సైకిలు ఒక్కటే వస్తె, అది నాకియ్యుమని ఏ మొఖం పెట్టుకొని అడుగుత? గందుకే బీరన్నకిచ్చిన."

"మీ అమ్మకన్న చెప్పకపోతివి రా! నీ బాపు పని నిన్ను ముంచిందనుకుంట పోయింది ఆమె!"

"చెప్తె ఆమె ఊరంత చెప్తుండె. సారుకు తెలుస్తుండె. మాట పోతుండె."

"ఏం మాట రా? వాడు నిన్ను గడ్డి లెక్క తొక్కి పోయిండు! నువ్వు నోరు మూసుకున్నవ్! మరి ఇయ్యాల ఆ కారు కాడికి ఎందుకు ఉరికినవ్? కాలర్ పట్టుకుందామనేనా?"

హోటల్లో అందరూ మా వైపు చూస్తున్నారు. రజాక్ నా అరుపుకు బెదరలేదు. నేనెందుకు అంత కోపంగా ఉన్నానో అర్థం కానట్టు చూశాడు. వాడి చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. మోకాలికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

"లేదు సార్," అన్నాడు. "వచ్చే ఏడన్నడు గద. ఏ ఏడో జర అడుగుదామని పోయిన."